ఎదురింటి అంకుల్‌కి ఉప్పు చూసిన సాయంత్రాలు

ఎదురింటి అంకుల్ పోయారని వాళ్ళ అమ్మాయి ఫోన్ చేసి చెప్పింది. అప్పుడు నేను టెక్సాస్‌లో ఉన్నాను, ఇర్వింగ్‌లో మా ఆవిడ దగ్గర. ఇండియన్ షాపు ముందు కారు డిక్కీలో సరుకులు సర్దుతుంటే తెలియని నంబర్ నుంచి కాల్ వచ్చింది.

"హలో, మీరు ఐసెలిన్‌లో నాన్న ఎదురు అపార్ట్‌మెంట్‌లో ఉంటారు కదా" అంది. అమెరికాలో పెరిగిన యాస. "నాన్న ఫోన్‌లో మీ నంబర్ టేస్టర్ అని సేవ్ చేసి ఉంది. పేరు లేదు, సారీ. నాన్న నిన్న పోయారు. నిద్రలోనే."

నేను ఏమన్నానో గుర్తులేదు. సారీ అనే అని ఉంటాను, ఇక్కడ అందరం అదే అంటాం. మా ఆవిడ ట్రాలీ పట్టుకుని నా మొహం చూస్తూ నిలబడింది. ఆ సంచుల్లో ఒకదాంట్లో గోంగూర కట్టలున్నాయి, అంకుల్ కోసం కొన్నవి. టెక్సాస్ ఎండకి గోంగూర బాగా పులుస్తుందని ఎవరో చెప్పారట, వచ్చేటప్పుడు పట్రమ్మన్నారు. ఆ పులుపు ఆయన నాలుకకి తెలియదని ఆయనకీ తెలుసు, నాకూ తెలుసు. అయినా తెమ్మన్నారు, నేనూ కొన్నాను. ఫోన్ పెట్టేశాక ఆ కట్టలు పట్టుకుని మళ్ళీ షాపులోకి నడిచాను, వాపసు ఇచ్చేస్తే ఆ వార్త కూడా వెనక్కి పోతుందన్నట్టు. మా ఆవిడే వెనక నుంచి వచ్చి చెయ్యి పట్టుకుని ఆపింది.

ఆయన గురించి మీతో నాలుగు మాటలు చెప్పుకుందామని ఇది రాస్తున్నాను. ఆయన నాకు బంధువు కాదు, మా వైపు మనిషీ కాదు. ఆయనది కాకినాడ, నాది కరీంనగర్. ఇండియాలో ఉండి ఉంటే మేమిద్దరం ఒక బల్ల దగ్గర కూర్చునే అవకాశమే లేదు. న్యూజెర్సీలో ఓక్ ట్రీ రోడ్డుకి నడిచి వెళ్ళగలిగేంత దూరంలో ఉన్న పాత అపార్ట్‌మెంట్లలో మా తలుపులు ఎదురెదురుగా ఉన్నాయి కాబట్టి కలిశాం. కలిశాక ఇన్నేళ్ళూ వారంలో దాదాపు అన్ని రోజులూ నా రాత్రి భోజనం ఆయన బల్ల మీదే.

అంతకు ముందు నా తిండి సంగతి చెప్పుకోవాలంటే సిగ్గు. మా ఆవిడ ఉద్యోగం ఇర్వింగ్‌లో, నాది ఇక్కడ. ఇద్దరం వీసా మీద ఉన్నవాళ్ళం, ఉన్న ఉద్యోగం వదిలి ఇంకో ఊళ్ళో వెతుక్కునే ధైర్యం ఇద్దరికీ లేదు. నెలకోసారి విమానంలో కాపురం. మిగతా రోజుల్లో ట్రైన్ దిగి, స్టేషన్ పార్కింగ్‌లో ఉన్న కారెక్కి, దారిలో బిర్యానీ కట్టించుకుని, ఇంటికి వెళ్ళేదాకా ఆగలేక కారులోనే తినేవాణ్ణి. డాక్టర్ రిపోర్ట్ చూసి షుగర్ బోర్డర్‌లో ఉందని చెప్పింది. బోర్డర్ అంటే ఇంకా ఇవతలే ఉన్నామని కదా అని నేను సంతోషపడ్డాను.

అలాంటి ఒక సాయంత్రం మెట్లెక్కి వస్తూ మా ఆవిడతో ఫోన్‌లో గట్టిగా మాట్లాడుతున్నాను. ఎదురు తలుపు తెరుచుకుంది. తెల్లటి లుంగీ మీద నల్లటి ఏప్రన్ కట్టుకున్న పెద్దాయన, చేతిలో చిన్న గిన్నె.

"తెలుగువాడివేనా? ఒక్క నిమిషం ఇలా రావోయ్. ఉప్పు చూసి పో."

పేరు అడగలేదు, ఎక్కడ పని చేస్తావని అడగలేదు, వీసా ఏమిటని అసలే అడగలేదు. నేను ఫోన్ పెట్టేసి గిన్నె అందుకున్నాను. లోపల గోధుమరంగు నీళ్ళు, అడుగున నాలుగు టోఫు ముక్కలు. తాగాను. వేడిగా ఉందని తప్ప ఇంకేమీ తెలియలేదు. మర్యాదకి "బాగుంది అంకుల్" అన్నాను.

"బాగుంది అని ఎవడైనా అంటాడు. ఉప్పెలా ఉంది?"

"సరిపోయింది అంకుల్."

"ఎలా సరిపోయింది? ముందు తగిలిందా, మింగాక తగిలిందా?"

ఇదేం గొడవరా బాబూ అనిపించింది. అప్పుడాయన గిన్నె వెనక్కి తీసుకుని మామూలుగా చెప్పారు. కోవిడ్ వచ్చి తగ్గిందట, వాసన మాత్రం తిరిగి రాలేదట. వాసనతో పాటు నాలుక కూడా మొద్దుబారింది. ఉప్పూ పులుపూ ఉన్నాయో లేవో అన్నట్టు తగులుతాయి, అంతే. డాక్టర్లు చూశారు, ఏవో వాసన సీసాలిచ్చి పీల్చమన్నారు, పీల్చారు, ఏమీ రాలేదు. "అన్నీ వేసి చూడు, నన్ను వేసి చూడు అంటుందట ఉప్పు. నాకు వేసినా ఒకటే, వెయ్యకపోయినా ఒకటే" అని నవ్వారు.

మర్నాడు నేను మెట్లెక్కే టైముకి తలుపు తెరిచే ఉంది.

ఆ వంట ఏమిటో ఇక్కడ చెప్పాలి, లేకపోతే మీకు అర్థం కాదు. అంకుల్ ఓడల ఇంజన్లు చేసే కంపెనీలో ఇంజినీరు. చాలా ఏళ్ళు జపాన్‌లో, కోబె ఊళ్ళో పనిచేశారు, తరువాత ఈ దేశానికి వచ్చారు. ఆంటీని నేను చూడలేదు. నేను ఈ అపార్ట్‌మెంట్‌కి వచ్చేసరికే ఆవిడ పోయి కొన్నేళ్ళయింది. ఆవిడ చేప ముట్టదు, గుడ్డు ముట్టదు. జపాన్ వంట చూస్తే నీళ్ళ నుంచే చేప మొదలవుతుంది. మనకి చారులో పప్పు కట్టు ఎలాగో, వాళ్ళ ప్రతి సూప్‌కీ కూరకీ కింద దాషి అనే కట్టు ఉంటుంది, దాన్ని ఎక్కువగా ఎండు చేప తురుముతో తీస్తారు. కొత్తలో ఆంటీ అన్నం, పెరుగు, ఇంటి నుంచి తెచ్చుకున్న పచ్చళ్ళతో కాలక్షేపం చేసిందట. వాళ్ళు అద్దెకున్న ఇంటి యజమానురాలు పై అంతస్తులో ఉండే ముసలావిడ. కొన్నాళ్ళు ఊరికే చూసి, ఒకరోజు ఎండు పుట్టగొడుగులూ, కొంబు అనే ఎండబెట్టిన సముద్రపు నాచు ముక్కా నీళ్ళలో నానేసి, ఆ గిన్నె పట్టుకుని మెట్లు దిగి వచ్చిందట. చేప లేని కట్టు. అక్కడి గుళ్ళలో వండేది అలాగేనట.

ఇద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. ఒకరి గిన్నెలో ఒకరు చెంచా పెట్టి రుచి చూసి మొహాలు చూసుకునేవారట. అలా నేర్చుకుంది ఆంటీ. అంకుల్‌కి బీపీ ఉందని తెలిశాక ఇంట్లో చట్టం చేసింది. "సోమవారం నుంచి శుక్రవారం దాకా కోబె. శని ఆదివారాలు కాకినాడ" అని అంకుల్ అనేవారు. అమెరికా వచ్చినా ఆ చట్టం మారలేదు, ఆవిడ పోయినా మారలేదు.

నేను పాలకూరని ఉడికించి పిండేసి నువ్వులపొడితో కలిపి తినొచ్చని ఆయన దగ్గరే చూశాను. ఆ కూర ఆయన చేత్తోనే పిండేవారు, పిండాక చివరి నీటిబొట్టు రాలిందా లేదా అని సింకు మీద పట్టుకుని చూసేవారు. గుమ్మడికాయ తొక్క తియ్యకుండా పెద్ద ముక్కలుగా కోసి, కట్టులో కొంచెం సోయా సాస్ వేసి, కదపకుండా మగ్గనిచ్చేవారు. మా అమ్మ గుమ్మడికాయ దప్పళం తెలిసినవాణ్ణి, ఇది చూసి జాలేసింది. వంకాయని కాల్చి మీద మిసో రాసేవారు, మిసో అంటే సోయా గింజలు పులియబెట్టిన ముద్ద. ప్రతి పూటా సూప్, చిన్న గిన్నెడు అన్నం, రెండు కూరలు, ఒక ముల్లంగి ఊరగాయ. అన్నీ వేరు వేరు చిన్న గిన్నెల్లో. ఎడిసన్‌లో కొరియా వాళ్ళ షాపులో ఇవన్నీ దొరుకుతాయి. శనివారం అక్కడికి నేనే డ్రైవ్ చేసేవాణ్ణి, ఆయన ముల్లంగులని తిరగేసి బోర్లేసి చూస్తుంటే ట్రాలీ పట్టుకుని వెనక నిలబడేవాణ్ణి.

ఆ ఇంట్లో ఒక సంగతి నన్ను చాలా రోజులు నొప్పించింది. ఎన్నిసార్లు తిన్నా "ఇంకొంచెం వేసుకో" అని ఆయన ఒక్కసారీ అనలేదు. మన ఇళ్ళలో వద్దు అని విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టినా వేళ్ళ సందుల్లోంచి వడ్డిస్తారు. ఈయన నా గిన్నె ఖాళీ అయితే ఖాళీ అయిందని చూసేవారు, అంతే. ఒకరోజు ఉండబట్టలేక మా ఆవిడతో ఫోన్‌లో అన్నాను, పిలిచి మరీ పస్తు పెడుతున్నాడు ఈ ముసలాయన అని. తలుపులు పల్చటివి. మర్నాడు భోజనం దగ్గర అంకుల్ నెమ్మదిగా చెప్పారు. "అక్కడ పెద్దవాళ్ళొక మాటంటారోయ్. కడుపు పదింట ఎనిమిది పాళ్ళు నిండితే చాలని. తక్కిన రెండు పాళ్ళూ కబుర్లకని నేను కలుపుకున్నాను. నీ కడుపు బిర్యానీతో నిండిపోతే ఇంక నాతో ఏం మాట్లాడతావు?"

ఆ రెండు పాళ్ళ కబుర్లే నాకు ఇప్పుడు లేనివి.

అసలు పని మాత్రం భోజనానికి ముందు జరిగేది. నేను వచ్చేసరికి పొయ్యి మీద సూప్ సిద్ధం. చెంచాతో ఇచ్చేవారు. నేను చెప్పాలి. బాగుంది, బాలేదు అనే మాటలు ఆ వంటింట్లో చెల్లవు. కొన్నాళ్ళు నేను తాగిందేమిటో నాకు తెలియలేదు. కొంబు నానిన నీళ్ళూ, ఊరికే కుళాయి నీళ్ళూ రెండు గ్లాసుల్లో పోసి ఏది ఏదో చెప్పమనేవారు. తప్పు చెప్పేవాణ్ణి.

"నాకేం తెలుస్తలేదంకుల్. రెండూ నీళ్ళే."

"ఎలా తెలుస్తుంది. ఆవకాయ తిన్న నాలుక కదా, గట్టిగా అరిస్తే గానీ దానికి వినపడదు. మళ్ళీ తాగు. మింగేసి ఊరుకో. ఏదో ఒకటి వెనకాల వస్తుంది, రానీ."

రుచి తెలియని మనిషి తెలిసినవాడికి నేర్పడం ఏమిటని మీకు అనిపించొచ్చు. నాకూ అనిపించింది. కానీ ఆయనకి కళ్ళున్నాయి. ఒక సాయంత్రం ఆయనకి కాలు నొప్పిగా ఉంటే సూప్ నన్ను పెట్టమన్నారు. నేను మిసో కలిపి, చారు పెట్టినట్టే పొంగు కోసం చూస్తూ నిలబడ్డాను. మా ఇంట్లో చారు పొంగు రాకుండా దించితే అది చారే కాదు. తెర్లి పొంగింది, సంతోషంగా దించి గిన్నెలో పోసి తెచ్చాను. ఆయన నోట పెట్టుకోలేదు, గిన్నెలోకి చూశారు అంతే.

"మరిగించావు."

"మరగకపోతే ఎట్లా అంకుల్, పచ్చి వాసన వస్తది కదా."

"చూడు. మిసో మబ్బులాగా లేచి తిరగాలి. ఇది చూడు, ఇసక పడ్డట్టు విడిపోయి కింద కూచుంది. పొంగుకి ఒక్క అడుగు ముందు ఆగిపోవాలోయ్. మన చారుకి పొంగు ప్రాణం, దీనికి పొంగు చావు. మీ ఆంటీ కూడా మొదటి ఏడాదంతా ఇదే చేసింది. ఆ మామ్మ పైనుంచి పరుగున దిగొచ్చి స్టవ్ ఆపేసేదిట."

ఇంత చప్పటి సూప్ కోసం ఇంత పట్టుదల ఎందుకని ఒకసారి అడిగేశాను. మీకెలాగూ రుచి తెలియదు, నాకు ఏదైనా ఒకటే, వారానికి సరిపడా పప్పు వండుకుని తిందాం కదా అన్నాను. మాట అనేశాక నాలుక కరుచుకున్నాను. ఆయన నొచ్చుకోలేదు. తిన్న గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పెట్టుకుంటూ చెప్పారు.

"మా అమ్మాయి అన్నం మొదలెట్టింది ఈ సూప్‌తోనే. కోబెలోనే పుట్టింది కదా. వాళ్ళమ్మ పోయింతర్వాత దీన్ని ముట్టదు. బోస్టన్ నుంచి వచ్చిందంటే నన్ను రెస్టారెంట్‌కి లాక్కుపోతుంది. నేను పొయ్యి వెలిగిస్తే, నాన్నా ప్లీజ్, వద్దు అంటుంది. నేను తప్పుపట్టను. కానీ ఎప్పుడో ఒకరోజు అడుగుతుంది. అడగదంటావా?"

నేను నా గిన్నె ఆయన వైపు జరిపాను.

"అడిగిన రోజుకి ఆ రుచి ఎక్కడో ఒకచోట ఉండాలి కదా. నా దగ్గర ఉందనుకున్నాను. ఆ జ్వరంతో పోయింది. వండుతున్నాను గానీ, వండింది అదో కాదో నాకు తెలీదు. అందుకని నీ నాలుకలో పెడదామని."

"రాసిపెట్టండి అంకుల్. లేదా వీడియో తీద్దాం."

"కొలతలు రాస్తే కొలతలుంటాయి. రుచి నోట్లో ఉంటుందోయ్, ఎక్కడ రాస్తాం?"

ఆ రోజు నుంచి నేను చెంచా నోట్లో పెట్టుకునే పద్ధతి మారింది. అంతకు ముందు ఒక ముసలాయన సరదా కోసం తాగేవాణ్ణి. ఇప్పుడు ఎవరి అమ్మ వంటనో మోస్తున్నట్టు భయం. మధ్యాహ్నం ఆఫీస్‌లో పచ్చిమిరపకాయ కొరకడం మానేశాను. మా మేనేజర్ బాల్కనీలోకి కాఫీకి పిలిస్తే సాయంత్రం పూట వద్దన్నాను. ఎందుకని అడిగితే ఏం చెప్పాలి, మా ఎదురింటాయనకి ఉప్పు చూడాలని చెప్పాలా?

చలికాలం మధ్యలో జరిగింది అది. బయట మంచు తోసే బండి చప్పుడు. చెంచా ఇచ్చారు, మింగాను, ఎప్పటిలాగే వేడి, కాస్త ఉప్పు. మాట్లాడబోయి ఆగాను. మింగేశాక, అంతా అయిపోయిందనుకున్నాక, నాలుక పక్కలనుంచి ఏదో మెల్లగా వచ్చి నిలబడింది. తీపి కాదు, ఉప్పు కాదు. పప్పు ఉడికేటప్పుడు మూత తీస్తే వచ్చే కమ్మదనం ఉంటుందే, దాని దూరపు చుట్టంలా ఉంది.

"అంకుల్, ముందు ఏం లేదు. మింగినంక ఏదో మిగిలింది. ఇంకా ఉన్నది. పోతలేదు."

ఆయన స్టవ్ ఆపేశారు. నా మొహంలోకి అలా చూస్తూ ఉండిపోయారు. "ఇంకా ఉందా?" అని అడిగారు. ఉందన్నాను. కాసేపయ్యాక మళ్ళీ "ఇప్పుడో?" అన్నారు. ఇప్పుడూ ఉందన్నాను. కుర్చీ లాక్కుని కూర్చుని, ఏప్రన్ అంచుతో కళ్ళజోడు తుడుచుకుని, "మీ ఆంటీ అదే అనేది. దాషి ఇంట్లోకి ముందు గుమ్మంలోంచి రాదు, దొడ్డిదారిన వస్తుందని" అన్నారు. ఆ పూట భోజనం చల్లారిపోయింది. ఇద్దరం పట్టించుకోలేదు.

ఆ తరువాత రోజూ పరీక్షే. నేను చెప్పడం, ఆయన కళ్ళు మూసుకుని వినడం, తనకి గుర్తున్నదానితో పోల్చుకోవడం. "వెనకాల వచ్చేది పల్చగా ఉందంటావా? అయితే పుట్టగొడుగు ఇంకొకటి పడాలి." "ఉప్పు ముందుకొచ్చి నిలబడిందా? లేదా? అయితే ఇంకాస్త మిసో వెయ్యి, నాకు గుర్తున్నంతలో ఇంకొంచెం ఉండేది." అలా అరచెంచా అరచెంచాగా జరుపుకుంటూ వెళ్ళి ఒకరోజు "ఇదే. ఇంక దీన్ని కదపకు" అన్నారు. దాన్నే నేను పట్టుకున్నాను.

మా ఆవిడ ఒకసారి ఐసెలిన్ వచ్చినప్పుడు నేనే వండి పెట్టాను. రెండు చెంచాలు తాగి గిన్నె పక్కన పెట్టింది. "ఇది పథ్యమా? నువ్వు ఉప్పూ కారం తినే మనిషివేనా అసలు?" అంది. ఎదురింట్లోంచి అంకుల్ నవ్వు వినపడింది. చెప్పాను కదా, తలుపులు పల్చటివి. ఆదివారం ఆయన మమ్మల్ని పిలిచి గోంగూర పచ్చడీ, ముద్దపప్పూ, వడియాలూ పెట్టారు. ఆ వంటకి మాత్రం నన్ను ఉప్పు చూడమనలేదు. "కాకినాడ వంటకి నాలుక అక్కర్లేదమ్మా, చేతికే తెలుసు" అని మా ఆవిడతో అన్నారు. ఆ మాటకి ఆవిడ పడిపోయింది. అప్పట్నుంచి ఫోన్ చేస్తే నాకన్నా ముందు ఆయన గురించి అడిగేది.

మధ్యలో నా రిపోర్టులు బాగుపడ్డాయి. షుగర్ వెనక్కి తగ్గింది. కాగితం పట్టుకుని ఆయన దగ్గరికే పరిగెత్తాను. చూశారు, తల ఊపారు, "సరే, రేపు వంకాయలు తెస్తావా?" అన్నారు. బాగుపడ్డందుకు ఆయనకి సంతోషం లేదని కాదు. భోజనం అనేది రిపోర్టు కోసం చేసేది కాదని ఆయన నమ్మకం. ఒంటరిగా ఉన్నా సరే బల్ల తుడిచి, నాలుగు గిన్నెలు పెట్టుకుని, కూర్చుని తినాలి. గిన్నె చేత్తో పైకెత్తి పట్టుకోవాలి. "నీకు నువ్వే చుట్టానివి అనుకుని వడ్డించుకో" అనేవారు. కారులో తినేవాణ్ణని చెప్పినప్పుడు ఆయన ఎంత బాధపడ్డారో, మా అమ్మ కూడా అంత బాధపడలేదు.

నేను ఇర్వింగ్ బయల్దేరిన రోజు ట్రాలీ బ్యాగ్‌తో తలుపు తీస్తే ఆయన కూడా బయటికి వచ్చారు. "రెండు వారాలు నాకు ఉప్పు చూసేవాళ్ళు లేరు" అన్నారు. వీడియో కాల్ చేయండి, రంగు చూసి చెబుతానన్నాను. నవ్వి, గోంగూర సంగతి చెప్పి, మెట్లు దిగేదాకా నిలబడ్డారు. అంతకన్నా పెద్ద వీడ్కోలేమీ లేదు. ఉంటే బాగుండేదని రోజుకోసారి అనిపిస్తుంది.

అంత్యక్రియలకి అందుకున్నాను. తరువాతి శనివారం ఆయన ఇల్లు సర్దడానికి వాళ్ళ అమ్మాయితో పాటు నేనూ కూర్చున్నాను. నా కన్నా కాస్త పెద్దది, కళ్ళు అంకుల్‌వే. పొద్దున్నుంచీ అట్టపెట్టెల్లో గిన్నెలు సర్దుతున్నాం, పెద్దగా మాటల్లేవు. ఫ్రిజ్ ఖాళీ చేస్తూ ఆమె మిసో డబ్బా చేతిలోకి తీసుకుంది. చెత్తసంచి తెరిచే ఉంది. వెయ్యలేదు. మూత తీసి వాసన చూసి, మళ్ళీ మూత పెట్టి, డబ్బా అలాగే పట్టుకుని నిలబడింది.

"ఇది మీకు వచ్చా? నాన్న చేసే సూప్?" అంది.

వచ్చు అన్నాను.

"ఇప్పుడు చేస్తారా?"

కట్టు నానాలి, సాయంత్రం దాకా ఆగాలి అన్నాను. ఆగుతానంది. కొంబు, ఎండు పుట్టగొడుగులు నీళ్ళలో వేశాను. మేం సర్దుతూ ఉన్నాం. ఆమె మధ్యమధ్యలో వంటింట్లోకి వెళ్ళి ఆ గిన్నెలోకి తొంగి చూసి వచ్చేది. సాయంత్రం నేను స్టవ్ వెలిగించాను. పొంగుకి ఒక్క అడుగు ముందు దించాను, మిసో కలిపాను, మబ్బు లేచి తిరిగింది. రుచి చూశాను. అంకుల్ కదపొద్దన్న రుచి, ఆయన ఎక్కడ పెట్టారో అక్కడే ఉంది. గిన్నెలో పోసి ఇచ్చాను.

రెండు చేతులతో పైకెత్తి తాగింది. కింద పెట్టలేదు. కళ్ళు మూసుకుని కొంతసేపు నిలబడింది. అది కాకపోతే? ఇది కాదట అంకుల్ అని చెప్పడానికి ఎవరున్నారు?

"అమ్మ ఇంకొంచెం తక్కువ వేస్తుంది" అంది. "సాల్ట్. మిగతాదంతా అదే."

వేస్తుంది అనే అంది. ఆమె తెలుగు అంతేనేమో, కాలాలు అటూ ఇటూ అవుతాయేమో, నేను అడగలేదు. కెటిల్‌లో ఉన్న వేడినీళ్ళు గిన్నెలో కాసిని పోసుకుని, చెంచాతో తిప్పి మళ్ళీ తాగింది. ఈసారి ఏమీ అనకుండా గిన్నె నాకిచ్చింది.

తాగాను. ఉప్పు వెనక్కి తగ్గేసరికి ఆ మిగిలేది ఇంకా తొందరగా వచ్చింది, ఇంకా సేపు నిలబడింది. నేను ఎన్నడూ చూడని ఆవిడ చేతి వంట. జ్వరం రాకముందే, ఏళ్ళుగా, ఆయన నాలుక కొంచెం కొంచెంగా మొద్దుబారుతూ ఉప్పుని పైకి జరుపుతూ వచ్చినట్టుంది. ఆయనకి గుర్తున్న రుచే కొంచెం తప్పిపోయింది. అరచెంచా దూరంలో ఉండిపోయారు. ఈ ఒక్క గుక్క ఆయనకి ఇవ్వాలని నాకెంత అనిపించిందంటే, గిన్నె పట్టుకుని హాల్లోకి వచ్చేశాను. అక్కడ అట్టపెట్టెలు తప్ప ఏమీ లేవు. ఇచ్చినా ఆయనకి తెలిసేది కాదు. నేను చెప్పేవాణ్ణి, ఉప్పు తగ్గింది అంకుల్, మీ అమ్మాయే తగ్గించింది, ఇప్పుడు అదే అని. నేను చెబితే ఆయన నమ్మేవారు.

వెనక్కి తిరిగేసరికి ఆమె పొయ్యి దగ్గర నా వైపు వీపు పెట్టి నిలబడి ఉంది. కెటిల్ నుంచి కుండలోకి సన్నగా నీళ్ళు పోస్తోంది, ఆపుతోంది, గరిటతో కొంచెం తీసుకుని తాగుతోంది, మళ్ళీ కొంచెం పోస్తోంది.